డేటా లక్షల్లో ఉన్నప్పుడు శాంపిల్, బయాస్ అని ఇంకా పట్టించుకోవాలా?

కొత్త_అనలిస్ట్

అందరికీ నమస్తే. ఈమధ్యే డేటా టీమ్‌లో చేరాను, చదివింది వేరే సబ్జెక్ట్, స్టాటిస్టిక్స్ సొంతంగా నేర్చుకుంటున్నా. మీన్, మీడియన్ వరకు పర్లేదు గానీ శాంపిలింగ్, బయాస్, పి-వాల్యూ దగ్గరికొచ్చేసరికి బుర్ర వేడెక్కిపోతోంది.

సమస్య ఏంటంటే, మా యాప్‌లో పేమెంట్ అయిపోయాక ఒక పాప్-అప్ వస్తుంది, మీ అనుభవం ఎలా ఉంది అని 1 నుంచి 5 స్టార్లు. ఇప్పటిదాకా లక్షల్లో రేటింగులు వచ్చాయి, యావరేజ్ 4.6. మీటింగ్‌లో నేను, ఒక 1,000 మంది యూజర్లని ర్యాండమ్‌గా తీసుకుని విడిగా అడిగి చూద్దామా అన్నా. దానికి మా లీడ్, లక్షల మంది చెప్పింది చేతిలో ఉండగా వెయ్యి మందిని అడగడం దేనికి, శాంపిల్ అనేది డేటా దొరకని రోజుల్లో పద్ధతి, ఇప్పుడు బిగ్ డేటా ఉంది కదా అన్నారు. ఆయన చాలా సీనియర్, నా దగ్గర తిరిగి చెప్పడానికి పాయింట్ లేదు, కానీ ఎక్కడో తేడా కొడుతోంది.

నా డౌట్లు: లక్షల డేటా కంటే వెయ్యి మంది శాంపిల్ మెరుగయ్యే ఛాన్స్ నిజంగా ఉందా? రీసెర్చ్‌లో బయాస్ అంటే ఎవరో కావాలని మోసం చేయడమేనా? పి-వాల్యూ 0.05 కంటే తక్కువొస్తే ఆ ఫలితం నిజమనే అర్థమా? దయచేసి ఫార్ములాలు తక్కువ, అర్థం ఎక్కువ ఉండేలా చెప్పండి.

---

సర్వే_లెక్కలు

తేడా కొడుతోంది అన్నారు చూడండి, ఆ అనుమానాన్ని వదలకండి, మీరు కరెక్టు దారిలోనే ఉన్నారు.

ఇందులో రెండు వేర్వేరు తప్పులున్నాయి, చాలామంది రెంటినీ కలిపేస్తారు. మొదటిది, మనం అందర్నీ కాకుండా కొందర్నే అడిగాం కాబట్టి కేవలం ఛాన్స్ వల్ల వచ్చే ఊగిసలాట, దీన్నే శాంపిలింగ్ ఎర్రర్ అంటారు. మనుషులు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. నిజంగా ర్యాండమ్‌గా తీసిన 1,000 మందితో ఒక శాతాన్ని అంచనా వేస్తే అటూ ఇటూ దాదాపు 3 పాయింట్లు, దాన్ని సగానికి తేవాలంటే 4,000 మంది కావాలి, 10 లక్షల మందైతే 0.1 పాయింటుకి పడిపోతుంది. రెండోది బయాస్. డేటాలోకి ఎవరు వస్తున్నారు, ఎవరు రావట్లేదు అన్నదాంట్లోనే ఒక వాలు ఉండటం. ఇది సైజు పెంచితే పోయేది కాదు. వాలుగా వచ్చే డేటాని ఎంత పోగేసినా ఆ వాలు అంతే ఉంటుంది, పైగా మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (పైన చెప్పిన ఆ అటూ ఇటూ పాయింట్లు) చిన్నగా కనిపిస్తుంది కాబట్టి తప్పు జవాబు మీదే మనకి గట్టి నమ్మకం కుదిరిపోతుంది. నన్నడిగితే బిగ్ డేటాలో అన్నిటికంటే భయపడాల్సింది దీనికే.

మీ పాప్-అప్ సంగతే చూద్దాం. పేమెంట్ అయిపోయాక వస్తుంది అన్నారు కదా. అంటే పేమెంట్ ఫెయిలైన మనిషికి రాదు. ఓటీపీ కోసం చూసీ చూసీ విసుగొచ్చి యాప్ మూసేసిన మనిషికి రాదు. పోయిన నెలే అన్‌ఇన్‌స్టాల్ చేసేసినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్లలో కూడా పక్కన ఇంటూ గుర్తు నొక్కేసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువుంటారు సాధారణంగా. కాబట్టి ఆ 4.6 అనేది మీ యూజర్ల అభిప్రాయం కాదు, పని సాఫీగా అయిపోయి, ఆపైన స్టార్లు నొక్కే ఓపిక కూడా ఉన్నవాళ్ల అభిప్రాయం. మీరు తెలుసుకోవాలనుకున్నదే ఎక్కడ ఇబ్బంది పడుతున్నారని అయితే, ఇబ్బంది పడ్డవాళ్లు ఆ లక్షల్లో లేనే లేరు.

దీనికి క్లాసిక్ ఉదాహరణ 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్లు లాంటి జాబితాల నుంచి పేర్లు తీసుకుని దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాళ్ల లెక్కలో రిపబ్లికన్ అభ్యర్థి ల్యాండన్‌కి 57 శాతం, అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న రూజ్‌వెల్ట్‌కి 43. అసలు ఎన్నికల్లో రూజ్‌వెల్ట్‌కి దాదాపు 61 శాతం వచ్చి 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అదే ఏడాది జార్జ్ గ్యాలప్ అనే సర్వేల నిపుణుడు సుమారు 50 వేల మందితోనే రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పగలిగాడు.

ఫోన్లూ కార్లూ ఉన్న డబ్బున్నవాళ్లని అడిగారు కాబట్టి తప్పింది అని చాలా చోట్ల రాస్తారు, అది సగమే. 1937లో గ్యాలప్ వాళ్లు చేసిన సర్వేని తర్వాతెప్పుడో 1988లో మళ్లీ తవ్వి చూస్తే తేలిందేంటంటే, బ్యాలెట్ అందినవాళ్లందరూ తిరిగి పంపి ఉంటే డైజెస్ట్ కనీసం విజేతనైనా సరిగ్గా చెప్పేది. అంటే జాబితా ఒక్కటే కాదు, జవాబు పంపాలన్న పట్టుదల ఎవరికి ఉందన్నది కూడా పెద్ద దెబ్బ కొట్టింది. మీ స్టార్ల కథ కూడా అచ్చం ఇదే కదా.

పాతకాలం ఉదాహరణ అని మీ లీడ్ గారు కొట్టిపారేస్తే ఇది చెప్పండి. 2021లో అమెరికాలో కోవిడ్ టీకా ఎంతమంది వేయించుకున్నారన్న దాని మీద ఫేస్‌బుక్ ద్వారా నడిచిన ఒక సర్వేకి వారానికి సుమారు 2.5 లక్షల జవాబులు వచ్చేవి. మే నెలలో అది అసలు లెక్క కంటే 17 పాయింట్లు ఎక్కువ చూపించింది. ఆక్సియోస్-ఇప్సోస్ వాళ్లది వెయ్యి మంది సర్వే, శాంపిల్ జాగ్రత్తగా తీసినది, అది అసలు లెక్కకి చాలా దగ్గరగా వచ్చింది. ఇదంతా అదే ఏడాది నేచర్ జర్నల్‌లో వచ్చింది. కాబట్టి మీ మొదటి డౌట్‌కి జవాబు: అవును, వెయ్యి మంది గెలవొచ్చు.

రక్త పరీక్షకి ఒంట్లో రక్తమంతా తీయరు, కొంచెం తీస్తే చాలు, ఎందుకంటే లోపల అది బాగా కలిసిపోయి ఉంటుంది. జనం అలా కలిసిపోయి ఉండరు, ర్యాండమ్‌గా ఎంచుకోవడం ద్వారా ఆ కలపడమే మనం చేస్తున్నాం. పాప్-అప్ ఆ పని చేయదు.

---

ఫార్మా_స్టాట్స్

పైన అక్క చెప్పింది చాలా బాగుంది. నేను మిగతా రెండు డౌట్లు తీసుకుంటా, నేను క్లినికల్ ట్రయల్స్ వైపు పనిచేస్తా కాబట్టి ఉదాహరణలు అక్కడివే వస్తాయి.

పి-వాల్యూ 0.05 కంటే తక్కువ అంటే ఫలితం నిజం అని కాదు, ఫలితం నిజమయ్యే ఛాన్స్ 95 శాతం అని కూడా కాదు. దాని అర్థం ఇంతే: అసలు మందుకి ఏ ప్రభావమూ లేదనుకుందాం, అలాంటప్పుడు కూడా కేవలం ఛాన్స్ వల్ల ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ తేడా, కనిపించే అవకాశం ఎంత. అది తక్కువగా ఉంటే, ఏ ప్రభావమూ లేదు అన్న ఊహ మీద అనుమానం పెరుగుతుంది, అంతే. ఇప్పుడు ఒకరు ఏ ప్రభావమూ లేని 20 విషయాలు విడివిడిగా టెస్ట్ చేశారనుకోండి, వాటిలో కనీసం ఒకటైనా 0.05 కంటే తక్కువొచ్చి సిగ్నిఫికెంట్ అని బయటపడే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే పేపర్‌గా రాసి మిగతా 19 గురించి నోరెత్తకపోతే చదివేవాడికి ఎలా తెలుస్తుంది? రాసినవాడు అబద్ధం చెప్పలేదు, ప్రతి అంకే నిజమే, అయినా మొత్తం చిత్రం తప్పు.

మోసమేనా అన్నారు కదా, చాలాసార్లు కాదు. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన వచ్చింది, డిప్రెషన్ మందుల మీద అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్‌ని తీసుకుని జర్నల్స్‌లో ఏం అచ్చయిందో పోల్చి చూశారు. ఎఫ్‌డీఏ దృష్టిలో పాజిటివ్ అయినవి 38, వాటిలో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో 22 అసలు బయటికే రాలేదు, 11 పాజిటివ్ అనిపించేలా రాసి అచ్చువేశారు, ఉన్నదున్నట్టు వచ్చినవి 3 మాత్రమే. దాంతో జర్నల్స్ మాత్రమే చదివే డాక్టర్‌కి 94 శాతం ట్రయల్స్ సక్సెస్ అనిపిస్తుంది, ఎఫ్‌డీఏ ఫైళ్లు చూస్తే 51 శాతం. ఇది చదివినప్పుడల్లా నాకు కోపమొస్తుంది, ఎందుకంటే ఆ ట్రయల్స్‌లో చేరిన పేషెంట్లు తమవల్ల ఇంకొకరికి మేలు జరుగుతుందని చేరినవాళ్లు, వాళ్ల ఫలితం డ్రాయర్‌లో పడేయడం న్యాయం కాదు. ఇప్పుడు ట్రయల్ మొదలెట్టకముందే ఏం కొలుస్తామో రిజిస్టర్ చేయాలన్న నియమాలు వచ్చాయి, చాలా అవసరమైన మార్పు అది.

ఇంకోటి, హార్మోన్ థెరపీ సంగతి. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడే ఆడవాళ్లలో గుండె జబ్బులు తక్కువని ఏళ్ల తరబడి పెద్ద పెద్ద అబ్జర్వేషనల్ స్టడీలు (ఎవరికి ఏం ఇవ్వాలో మనం నిర్ణయించకుండా, జనం సొంతంగా చేసేదాన్ని గమనించేవి) చెప్పాయి. తర్వాత అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం వాళ్లు 16,608 మందిని ర్యాండమ్‌గా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఈస్ట్రోజెన్ ప్లస్ ప్రొజెస్టిన్, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, గుండె జబ్బు తగ్గకపోగా కాస్త పెరిగింది, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగింది, 2002లో ట్రయల్ ముందే ఆపేశారు. అంతకుముందు కనిపించిన మేలులో చాలా భాగం ఏంటంటే, సొంతంగా ఆ మందులు వాడేవాళ్లు సగటున ఆరోగ్యం మీద ఎక్కువ శ్రద్ధ ఉన్నవాళ్లు, డాక్టర్ దగ్గరికి రెగ్యులర్‌గా వెళ్లేవాళ్లు. ఏ వయసులో మొదలెట్టారన్నది కూడా ముఖ్యమని తర్వాత తేలింది, కాబట్టి మొత్తం బయాసే అని నేను అనను. కానీ అబ్జర్వేషనల్ స్టడీలో ఇంకో పది లక్షల మందిని చేర్చినా ఆ శ్రద్ధ అనే తేడా అలాగే ఉండేది, నాణెం ఎగరేసి విడదీస్తేనే పోయింది.

---

కొత్త_అనలిస్ట్

ఇద్దరికీ చాలా థ్యాంక్స్, పాప్-అప్ ఎవరికి రాదో అన్న కోణం నాకు తట్టనే లేదు. అయితే ఇంకో ప్రశ్న, ఇదంతా విన్నాక బిగ్ డేటా దండగ అనిపిస్తోంది, మరి కంపెనీలు, ఆస్పత్రులు అంత ఖర్చు పెట్టి ఎందుకు దాచుకుంటున్నాయి? దాని విలువ ఎక్కడుంది?

---

మోడల్_మేస్త్రి

దండగ అస్సలు కాదు తమ్ముడూ. ఏ ప్రశ్నకి వాడుతున్నాం అన్నదే అసలు సంగతి.

అరుదైన విషయాలు చిన్న శాంపిల్‌లో కనబడవు. పదివేల మందిలో ఒకరికి వచ్చే సైడ్ ఎఫెక్ట్ ఉందనుకో, 3,000 మంది ట్రయల్‌లో అది ఒక్కసారి కూడా కనిపించకపోయే అవకాశమే ఎక్కువ, దాదాపు 74 శాతం. 95 శాతం నమ్మకంతో కనీసం ఒక కేసైనా చూడాలంటే 30 వేల మంది కావాలి. అందుకే మందులు, టీకాలు మార్కెట్‌లోకి వచ్చాక కూడా లక్షల, కోట్ల మంది రికార్డుల్ని గమనిస్తూ ఉంటారు, అక్కడ బిగ్ డేటాకి పోటీ లేదు. అలాగే చిన్న గుంపులు: మీ యాప్‌లో పాత ఫోన్ మోడల్, ఒక పాత వెర్షన్, ఒక ఫలానా బ్యాంకు, ఈ మూడూ కలిస్తేనే పేమెంట్ ఆగిపోతోంది అనుకో, వెయ్యి మంది సర్వేలో అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, సర్వర్ లాగ్స్‌లో, అంటే యాప్‌లో జరిగే ప్రతిదీ దానంతటదే నమోదయ్యే రికార్డుల్లో, మాత్రం వందల మంది స్పష్టంగా దొరుకుతారు. ఇంకా చెప్పాలంటే లాగ్స్‌లో ఫెయిలైనవాళ్లు కూడా ఉంటారు, పాప్-అప్ డేటాలో లేనివాళ్లు. మీ దగ్గరున్న అసలైన బిగ్ డేటా అదే, స్టార్లు కాదు.

అయితే డేటా పెద్దదయ్యేకొద్దీ రెండు జాగ్రత్తలు. ఒకటి, సిగ్నిఫికెంట్ అనే మాటకి విలువ పోతుంది. 20 లక్షల మందికి పాత బటన్, 20 లక్షల మందికి కొత్త బటన్ చూపించి, ఒకచోట 5.00 శాతం, ఇంకోచోట 5.06 శాతం కొన్నారనుకో, పి-వాల్యూ 0.01 కంటే కిందికే వస్తుంది. తేడా ఉందా అన్న ప్రశ్నకి జవాబు దాదాపు ఎప్పుడూ ఉంది అనే వస్తుంది అక్కడ, ఎంత తేడా, దానికోసం ఇంత పని పెట్టుకోవాలా అన్నది నువ్వే అడగాలి. రెండోది, ఏది కొలుస్తున్నాం అన్నది. 2019లో సైన్స్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సహాయం కావాలో ఎంచే ఒక అల్గారిథమ్ జబ్బు తీవ్రతకి బదులు వైద్యానికైన ఖర్చుని అంచనా వేసేది. నల్లజాతి పేషెంట్లకి అదే జబ్బున్నా వాళ్ల మీద ఖర్చు తక్కువ జరుగుతూ వచ్చింది, దాంతో మిషన్ వాళ్లకి అవసరం తక్కువ అనుకుంది. దాన్ని సరిచేస్తే అదనపు సహాయానికి అర్హులయ్యేవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5కి పెరుగుతుందని లెక్కగట్టారు. డేటాకేం కొదవ లేదు అక్కడ, కాలమ్ పేరు ఒకటి, అది చెప్పేది ఇంకోటి.

గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ కూడా చదువు. 2008లో మొదలైంది, జనం వెతికే పదాల్ని బట్టి ఫ్లూ ఎంత ఉందో చెప్పేది. 5 కోట్ల పదాల్లోంచి ఫ్లూ గ్రాఫ్‌తో బాగా కలిసే 45 ఏరుకున్నారు. అన్ని కోట్లలోంచి ఏరితే ఫ్లూతో సంబంధం లేకపోయినా చలికాలంలో పెరిగే పదాలు కూడా కలుస్తాయి కదా, పైగా వార్తల్లో ఫ్లూ అనగానే బాగున్నవాళ్లు కూడా వెతుకుతారు. 2012-13 సీజన్‌లో డాక్టర్ల దగ్గరికి వెళ్లే ఫ్లూ కేసుల్ని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క కంటే దాదాపు రెట్టింపు చూపించింది, 2015లో ఆపేశారు. నాకు ముఖ్యం అనిపించేది ఏంటంటే, తర్వాత విశ్లేషించినవాళ్లు ఆ సెర్చ్ డేటాని చెత్తబుట్టలో వేయమనలేదు, సీడీసీ వాళ్ల పాత పద్ధతి డేటాతో కలిపితే ఒక్కోటి విడిగా ఇచ్చేదానికంటే మెరుగైన అంచనా వస్తుందని చూపించారు.

---

అడ్డప్రశ్న

అందరూ శాంపిల్‌ని ఆకాశానికెత్తేస్తున్నారు, ఒక అభ్యంతరం. 1,000 మందిని ర్యాండమ్‌గా తీసి ఈమెయిల్ పంపితే ఎంతమంది జవాబిస్తారు? వందమంది ఇస్తే గొప్ప. ఆ వందమంది కూడా ఓపిక ఉన్నవాళ్లో, బాగా మండిపోయి ఉన్నవాళ్లో అవుతారు, అప్పుడు అదీ పాప్-అప్పే కదా? బ్రిటన్‌లో జనం ఆరోగ్య వివరాలు సేకరించే యూకే బయోబ్యాంక్ అనే పెద్ద అధ్యయనం ఎంత జాగ్రత్తగా చేశారు, 90 లక్షల మందికి పైగా పిలిస్తే చేరింది 5 లక్షలు, 5.5 శాతం, వాళ్లు సగటు జనం కంటే సిగరెట్లు తక్కువ తాగేవాళ్లు, ఆరోగ్యంగా ఉండేవాళ్లు అని వాళ్లే పేపర్ రాశారు.

---

సర్వే_లెక్కలు

చాలా సరైన అభ్యంతరం, దీన్ని దాటేయకూడదు. ర్యాండమ్‌గా ఎంచడం సగం పనే, ఎంచినవాళ్ల చేత జవాబు చెప్పించడం మిగతా సగం, సర్వేల్లో ఖర్చంతా అక్కడే అవుతుంది.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. ర్యాండమ్ లిస్టులో జవాబివ్వనివాళ్లు ఎవరో మనకి తెలుసు, 1,000 పేర్లూ మన దగ్గరున్నాయి. వాళ్లు ఎప్పుడు చేరారు, ఎన్నిసార్లు పేమెంట్ ఫెయిలైంది, చివరిసారి ఎప్పుడు యాప్ తెరిచారు, అన్నీ లాగ్స్‌లో ఉంటాయి. జవాబిచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ వీటిలో పోల్చి చూస్తే వాలు ఎటు ఉందో చాలావరకు కనిపిస్తుంది, వెయిటింగ్ చేసి, అంటే తక్కువగా జవాబిచ్చిన రకం వాళ్ల మాటకి లెక్కలో ఎక్కువ బరువిచ్చి, కొంత సరిదిద్దొచ్చు. మొత్తం పోదు, లాగ్స్‌లో లేని కారణాలు ఉంటూనే ఉంటాయి. బయోబ్యాంక్ వాళ్లు కూడా ఎంతమందికి ఈ జబ్బు ఉంది అన్న ప్రశ్నకి మా డేటా సరిపోదు, ఏది దేనితో ముడిపడి ఉంది అన్న ప్రశ్నలకి చాలాచోట్ల పనికొస్తుంది అన్నట్టే చెప్పారు. నాకది చాలా నిజాయితీగా అనిపించింది, డేటాతో పాటు దాని హద్దు కూడా చెప్పడం.

వాలు కొంచెమే ఉన్నా ఎంత దెబ్బో తెలియాలంటే జియావో-లీ మెంగ్ అనే స్టాటిస్టిషియన్ 2018 పేపర్ చూడండి. 2016 అమెరికా ఎన్నికల మీద ఆయన వేసిన లెక్కలో, ఎవరికి ఓటేస్తారన్నదానికీ సర్వేకి సరైన జవాబిచ్చారా లేదా అన్నదానికీ మధ్య కోరిలేషన్ (రెండూ ఎంత ముడిపడి ఉన్నాయో చెప్పే కొలత, 0 అంటే అస్సలు లేదు, 1 అంటే పూర్తిగా) కేవలం 0.005 ఉంటే చాలు, దాదాపు 23 లక్షల మంది జవాబుల విలువ 400 మంది నిజమైన ర్యాండమ్ శాంపిల్‌కి పడిపోతుంది.

కొత్త_అనలిస్ట్ గారూ, మీరైతే ఇలా చేయొచ్చు. 1,000 కాకపోయినా 400 అకౌంట్లు తీయండి, గడిచిన మూడు నెలల్లో యాప్ తెరిచిన వాళ్లందరిలోంచి, పేమెంట్ అయినా కాకపోయినా. ఈమెయిల్ పంపి ఊరుకోకుండా రెండోసారి, మూడోసారి గుర్తుచేయండి, ఇంకా జవాబు రానివాళ్లలో ఒక 50 మందికి ఫోన్ చేయండి. లేటుగా జవాబిచ్చినవాళ్ల మాట మొదటి రోజే ఇచ్చినవాళ్ల మాటకంటే వేరుగా ఉందా చూడండి, వేరుగా ఉంటే అసలు ఇవ్వనివాళ్లది ఇంకా దూరంగా ఉండొచ్చని అనుమానించాలి. ఇంకో మాట, యావరేజ్ ఒక్కటే రిపోర్ట్ చేయకండి, 5 స్టార్లు ఎంతమంది, 1 స్టార్ ఎంతమంది అని విడిగా పెట్టండి, అందరూ 3 ఇచ్చినా, సగం 5, సగం 1 ఇచ్చినా సగటు 3నే వస్తుంది.

లీడ్ గారితో వాదనకి దిగకుండా, పేమెంట్ ఫెయిలైనవాళ్లలో ఎంతమంది రేటింగ్ మన టేబుల్‌లో ఉంది అని ఒక్క క్వెరీ రన్ చేసి ఆయన ముందు పెట్టండి.

---

కొత్త_అనలిస్ట్

ఇప్పుడే రన్ చేశానక్కా. సున్నా. సోమవారం మీటింగ్‌లో 400 అకౌంట్ల లిస్టుతో పాటు ఇది కూడా పెడుతున్నా.